ఆఖరి గడిలో రెండు

చేటలో బియ్యాన్ని ఒక పక్కకు నెట్టి, దొరికిన రాయిని గోడవైపు విసిరి, ఇంకో గుప్పెడు ముందుకు లాగాను, స్టోరు బియ్యంలో రాళ్లు కూడా బియ్యం రంగులోనే ఉంటాయి, వేలికి తగిలితే తప్ప కంటికి తెలియవు, పక్కన బల్ల మీద మిషన్ ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఒక ఐసీని చదివి సరిపోల్చడానికి నా మిషన్ తీసుకునే సేపట్లో నేను రెండు గుప్పెళ్ల బియ్యం ఏరగలను, గోడకు అవతల హేమావతి మిషన్ తీసుకునే సేపట్లో ఒక్క రాయి, అది కూడా అనుమానమే, రాయిని చూసి వేలు పెట్టేలోపు అది చదవడం, పోల్చడం, బాగుందని కీచుమని కూయడం అన్నీ అయిపోతాయి, ఎనిమిది సెకన్లంట రాణీ, ఎనిమిదే, అని మొదటిరోజు ఆయన చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి చెప్పాడు, పెళ్లికి నన్ను చూడటానికి వచ్చినప్పుడు కూడా ఆయన మొహం అంతగా వెలగలేదు, ఆ మాట నేను అనలేదు, అట్లనా అని మాత్రం అని లోపలికి వెళ్లి, పొయ్యి మీద బోర్లించిన ఖాళీ గిన్నెను ఎత్తి చూసి మళ్లీ బోర్లించాను.

ఆయన ఇప్పుడు దొడ్లో స్నానం చేస్తున్నాడు, చెంబు చప్పుడు వినిపిస్తోంది, స్నానం, నాలుగు ముద్దలు, తల దువ్వుకోవడం, ఆ తర్వాత ఐసీలు గుచ్చిన రెండు పాత స్వీటు డబ్బాలు సంచిలో పెట్టుకుని ధర్మవరం స్టేషన్‌కు నడుస్తాడు, పెనుకొండ మీదుగా పోయే ప్యాసింజర్‌లో హిందూపురం, అక్కడ తిప్పేస్వామన్న షెడ్డు, ఆయన పనిచేసేది అక్కడే, బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు తయారుచేస్తారు, కరెంటు వచ్చినప్పుడు రైతు పొలంలో లేకపోయినా మోటారును తనకు తానే ఆన్ చేసే పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో ఐసీ, జెర్రి మాదిరి రెండు వైపులా కాళ్లున్న నల్లటి ముక్క, దానిలోకి ప్రోగ్రాం ఎక్కిస్తేనే దానికి బుద్ధి వచ్చేది, ఎక్కించే మిషన్‌ను బర్నరు అంటారు, ఆ పని మా రెండిళ్లది, ఒకటో ఇల్లు నాది, రెండో ఇల్లు పక్క వాటాలో ఉండే హేమావతిది, తిప్పేస్వామన్న నాయన ఒకప్పుడు ఈ ధర్మవరంలోనే ఇంటింటికీ పట్టు ఇచ్చి కూలికి చీరలు నేయించేవాడంట, కొడుకు అదే పద్ధతి ఐసీలకు పెట్టాడు, పట్టుకు బదులు ఖాళీ ఐసీలు, మగ్గానికి బదులు ఒక కంప్యూటరూ ఒక బర్నరూ, చీర చివర ఒక్కో మగ్గం వాళ్లు ఒక్కో రంగు పోగు వేసినట్టు ప్రోగ్రాం ఆఖరి గడిలో ఇంటి అంకె, నావాటిలో ఒకటి, ఆమెవాటిలో రెండు, పాడై తిరిగొస్తే ఏ ఇంటిదో పట్టుకోవడానికి, ఒకరు నేసింది ఇంకొకరు చూడాలి అనేది కూడా ఆ పెద్దాయన పద్ధతేనంట, అందుకని సాయంత్రం నా డబ్బా ఆమె ఇంటికి, ఆమె డబ్బా నా ఇంటికి, నావి ఆమె సరిచూస్తుంది, ఆమెవి నేను, పొద్దున్నే రెండూ మా ఇంట్లోకి చేరతాయి, ఈరోజు తర్వాత అదీ ఉండదు, తిప్పేస్వామన్న ఈరోజు రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని తనే ఒక్కొక్క ఐసీనీ బోర్డులో పెట్టి చూస్తాడంట, రెండిళ్లకు పంచేంత ఆర్డర్లు లేవప్పా ఇప్పుడు, ఒక మిషన్ చాలు, బిరీన అయ్యేది నాకొద్దు, తప్పు పోకుండా ఉండేది యాడుంటే ఆడికే పని, అన్నాడంట, ఆ మాట మోసుకొచ్చి చెప్తూ ఆయన నా మొహం చూడలేదు, గోడ చూశాడు, గోడకు అవతల అప్పుడే ఆ మిషన్ కూసింది.

వేగం వద్దన్నాడు కదా, దాన్ని పట్టుకున్నాను, వేగంలో నేను ఎన్ని జన్మలెత్తినా ఓడిపోతాను, తప్పు పోకుండా అంటే మాత్రం, నెల పైగా అయింది నా డబ్బాలోంచి ఆమె ఒక్క ఐసీని కూడా తప్పని తెచ్చివ్వలేదు, ఆమె డబ్బాలో కూడా నాకు ఎప్పుడూ దొరకలేదనుకో, అంటే సమానం, సమానమైతే కొత్త మిషన్‌కే ఇస్తాడు, ఎవరైనా ఇస్తారు, అందుకే నిన్న సాయంత్రం ఆమె డబ్బా సరిచూస్తూ, రోజూలాగే ఒక్క తప్పయినా కనిపించాలని కోరుకుంటూ, రోజూలాగే కనిపించక, చివరికి మూడో వరసలో ఒకదాన్ని నల్ల స్పాంజిలోంచి పెరికి పోపుడబ్బాలో ఆవాల కింద దాచి, ఆ చోట ఏమీ ఎక్కించని ఖాళీ ఐసీని గుచ్చాను, ఎక్కించినదీ ఖాళీదీ చూడటానికి ఒకటే, మా నాయన గొర్రెల మందలో నిలబడి ఏది ఎవరిదో మూతి చూసి చెప్పేవాడు, రామగిరి దారిలో రెండు మందలు కలిసిపోతే చీకటి పడేలోపు విడదీసేవాడు, ఐసీకి మూతి లేదు, చెవికి కోత లేదు, మిషన్‌లో పెట్టి చదివితే తప్ప దాని కడుపులో ఏముందో దేవుడికి కూడా, తప్పు, దేవుడికి తెలుస్తుంది, ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను అత్త మోకాళ్ల కోసం, ఆయన ఉద్యోగం కోసం అడిగి, చివర్లో హేమావతి బర్నరు కాలిపోవాలని కూడా అడిగాను, పెదాలు కదపకుండా.

ఎర్రదీపం ఆరింది, బాగుంది, ఇదీ బాగుంది, ఐసీ మార్చి పిడి నొక్కి మళ్లీ చేట ఒళ్లోకి తీసుకున్నాను, ఈ పొద్దున నా డబ్బా నేనే ఎందుకు చదువుతున్నానంటే, ఆమె డబ్బాలో ఖాళీది గుచ్చిన మరుక్షణం నాకు తట్టింది, నా డబ్బా కూడా అదే సమయానికి ఆమె బల్ల మీదే ఉంది కదా, ఆమెకు మాత్రం చేతులు లేవా, నేను చేసిన పని ఆమె చేయదని ఏముంది, ఆ తలపుతో నాకు ముద్ద దిగలేదు, ఇంట్లో ఎవరైనా అడుగుతారని చేట అడ్డం పెట్టుకున్నాను, ఎర్రదీపం ఉన్నంతసేపూ అత్త ఎలాగూ పిలవదు, అది ఈ మిషన్‌తో నాకు దొరికిన వరం, మొదట్లోనే ఆయన నవ్వుతూ అన్నాడు, అమ్మా, ఆ ఎర్రదీపం ఉన్నప్పుడు రాణిని పిలిస్తే ఐసీ చెడిపోతాది, మళ్లా స్వామన్న నన్నంటాడు, జయమ్మ అత్త దాన్ని నిజంగానే నమ్మింది, ఆరిందా, అని గడపలోంచి తొంగిచూసి, ఆరకపోతే వెనక్కి పోతుంది, అలా ఒక్కో ఐసీకి నాకంటూ కొంతసేపు, ఏ పనీ లేకుండా, ఏ మాటకూ జవాబు చెప్పకుండా తెరమీద చుక్కలు ఒకటొకటే పడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని, మా చెన్నేకొత్తపల్లి బడిలో పదో తరగతి అయ్యాక నేను కుర్చీలో కూర్చున్నది ఈ బల్ల దగ్గరే, ఇది పోతే మళ్లీ పక్కవీధిలో కింద కూర్చుని పట్టుకు రీళ్లు చుట్టే పని, కాకపోతే అత్తతో పాటు శెనక్కాయల కూలికి, అందుకని ఎనిమిది సెకన్ల మిషన్ నాకే ఇస్తామన్నా నేనేం చేసుకుంటాను, ఎనిమిది సెకన్లలో ఏ ఆడదానికి విశ్రాంతి దొరుకుతుంది, అయినా అది ఆమె దగ్గర ఉంది కదా, నాకు అక్కరలేనిదే అయినా ఆమె దగ్గర ఉంది, అది చాలు నాకు ఒళ్లు మండటానికి.

ఈ మిషన్‌ను ఆయనే చేశాడు, ఎక్కడా కొనలేదు, పెళ్లయిన ఏడాది, చుక్కల చుక్కల పచ్చ బోర్డు మీద ఒక్కొక్క వైరూ అతికిస్తుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను, సాల్డరు పొగ నా కళ్లలోకి వచ్చేది, కొంచెం ఇట్ల పట్టుకో, ఇంకొంచెం, నీ చేయి బలే నిలబడుతుందే, అన్నాడు, కంప్యూటర్‌లో ప్రింటరు పెట్టుకునే చోట దీని వైరు గుచ్చి మొదటి ఐసీ ఎక్కించిన రోజు ఇద్దరం ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెట్టాము, అయింది, అని ఆయన నా భుజం మీద కొట్టాడు, మగవాళ్లు ఒకరినొకరు కొట్టుకున్నట్టు, అలాంటి మనిషి పోయిన ఎండాకాలం హేమావతి మిషన్ చూసొచ్చి, దానికి వేరే కరెంటే అక్కర్లేదంట, కంప్యూటర్ నుంచే తీసుకుంటాదంట, ఓల్టేజీ పడిపోయినా దానికి పట్టదంట, తప్పు పడితే అదే చెప్తాదంట, అని అంటల మీద అంటలు చెబుతుంటే, నాకు ఆ బోర్డు మీద పట్టిన టార్చిలైటు ఎవరో లాక్కున్నట్టు అనిపించింది, అయితే నీదెందుకు పనికొస్తాదప్పా ఇంక, అని అత్త ఆయన్నే అడిగింది, ఆయమ్మ మిషను పిట్ట మాదిరి కూస్తాది, మనది ముసలాయన దగ్గినట్ల దగ్గుతాది, అని నవ్వింది, ఆయన కూడా నవ్వాడు, తను చేసిన మిషన్ మీద తనే నవ్వాడు.

నిజం చెప్పాలంటే నా మిషన్ దగ్గడం నాకు తెలుసు, మా వీధిలో రీళ్లు చుట్టే మోటార్లు ఒక్కసారిగా తిరిగితే బల్బు ఎర్రబడుతుంది, బల్బు ఎర్రబడితే మిషన్‌కు కావలసినంత ఓల్టేజీ అందదు, అక్షరాలు ఐసీలో గట్టిగా పడవు, అప్పుడు చదివితే సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది, కాసేపాగి చదివితే పోయి ఉంటుంది, అలాంటివి హేమావతి దగ్గర దొరికేవి, మొదట్లో రెండు మూడు రోజులకొకసారి కాగితంలో చుట్టి తెచ్చేది, అక్కా, ఇవి సరిగ్గా పడినట్ల లేవక్కా, మళ్లీ చూస్తావా, అని, హిందూపురంలో పాలిటెక్నిక్ చదివిన పిల్ల, పెనుకొండ వాళ్లు, మొగుడికి రైల్వేలో ఉద్యోగం, జడలో ఎప్పుడూ కనకాంబరాలు, అక్కా అక్కా అంటూ నా చేతిలో నా తప్పులు పెట్టి పోయేది, ఆమె పోయాక ఆ కాగితం విప్పాలంటే నాకు మంట, విప్పి, పక్కింటి మోటార్లు ఆగేదాకా కాచుకుని, మళ్లీ ఎక్కించేదాన్ని, ఆ తర్వాత రాను రాను తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి, నీ మిషన్ బాగుపడిండాదే రాణీ, అన్నాడు ఆయన, నీ చేతి చలవ, అని కూడా అన్నాడు, ఆ మాట నేను ఎంత దాచుకున్నానో ఆయనకు తెలియదు, ఆ నెలంతా గోడ అవతల కూత వినిపించినప్పుడల్లా కూయవే, కూయి, తప్పులైతే నాకూ లేవు, అనుకుంటూ చుక్కలు చూశాను.

దగ్గుతూ ఉన్న మిషన్ ఉలిక్కిపడినట్టు టక్కున ఆగింది, తెరమీద ఆకుపచ్చ అక్షరాల్లో తేడా ఉంది అని ఇంగ్లీషు మాట, చేట ఒళ్లోంచి కింద పెట్టాను, ఇంత బియ్యం నేల మీద పోయింది, పోనీ, నేను అనుకున్నదే, చేసింది, ఆమె కూడా చేసింది, అక్కా అక్కా అంటూనే, నాకు భయం వేయాల్సింది పోయి ఎంత సంతోషం వేసిందంటే లేచి ఆయన్ను స్నానం మధ్యలోనే కేకేద్దామనుకున్నాను, రా, చూడు నీ ఎనిమిది సెకన్ల తల్లి ఎంత పని చేసిందో, ఇన్నాళ్లూ ఆమె మంచితనమే నాకు ముల్లు, ఇప్పుడు ఆమె నాలాంటిదే, అమ్మయ్య, నాలాంటిదే, అనుకుంటూ తేడా ఎక్కడ ఉందో చూడటానికి తెరను కిందికి జరిపాను, ఖాళీది అయితే మొదటి గడి నుంచే తేడా చూపించాలి, చూపించలేదు, మొదటి పేజీ సరిగ్గా ఉంది, రెండోది సరిగ్గా ఉంది, అన్ని పేజీలూ నా ఫైలుతో అక్షరం అక్షరం కలుస్తూ వచ్చి, చివరికి, ఆఖరి గడిలో, ఒకటి ఉండాల్సిన చోట రెండు.

రెండు అంటే ఆమె ఇల్లు, నా డబ్బాలో, నా వరసలో, ఆమె ఇంటి అంకె, అర్థం కాలేదు, తన ఐసీని నా డబ్బాలో ఎందుకు పెడుతుంది, దొంగతనం చేస్తే తీసుకుంటారు గానీ ఇస్తారా, తీసి పక్కన పెట్టి ఇంకోటి గుచ్చాను, ఒకటి, బాగుంది, ఇంకోటి, మళ్లీ రెండు, స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగింది, తువ్వాలు ఏదే, అన్నాడు, అత్త ఇచ్చింది, నేను కదల్లేదు, ఎర్రదీపం ఉంది కదా, ఇంకోటి, ఇంకోటి, మిగిలిన ఆఖరి వరస అయ్యేసరికి బల్ల మీద రెండు అంకె ఉన్నవి ఏడు, పక్కన పక్కన పెట్టాను, ఆ ఏడూ సాయంత్రం మోటార్లు గట్టిగా తిరిగినప్పుడు ఎక్కించినవే అయి ఉంటాయి, వేరే ఎలా అవుతాయి, నేను ఎక్కించాను, అవి పోయాయి, ఆమె పట్టుకుంది, పట్టుకుని నాకు తెచ్చివ్వకుండా తన మిషన్‌లో తనే మళ్లీ ఎక్కించి, తన ఫైలుతో, తన అంకెతో, నా డబ్బాలో నా స్పాంజిలో మళ్లీ గుచ్చి పంపించింది, నిన్న ఒక్కరోజేనా, నెలంతానా, నీ మిషన్ బాగుపడిండాదే రాణీ, నీ చేతి చలవ, ఛీ, ఏ చేతి చలవ, బోర్డులో పెట్టి చూసేవాళ్లు అంకె చూడరు, పనిచేస్తే చాలు, పాడైతేనే అంకె చూస్తారు, ఆమె ఎక్కించినవి పాడు కావు, కాబట్టి ఎవరికీ తెలియదు, వేగం నీది కాదు రాణీ, ఇంక తప్పు పోకుండా చేయడం కూడా నీది కాదు.

ఎందుకు చేసి ఉంటుంది, జాలిపడి చేసిందా, పదో తరగతి చదివిన ముసలి మిషన్‌దాని మీద జాలి, ఆ జాలిని మాత్రం ఓర్చుకోలేను, తిట్టినా ఓర్చుకుంటాను, తిప్పేస్వామన్నకు చాడీ చెప్పినా ఓర్చుకుంటాను, లేక లోపల లోపల నవ్వుకుంటూ చేసిందా, మొగుడితో చెప్పి నవ్విందా, లేక రేపు ఎప్పుడో అందరి ముందూ బయటపెట్టాలని దాచిపెట్టిందా, ఇన్ని అనుకుంటున్నాను, అక్కో, అని గుమ్మంలోంచే కేక, హేమావతి, చేతిలో చిన్న గిన్నె, ఇంకా ఆరని జుట్టు, రవ్వంత పెరుగియ్యక్కా, పాలు తోడేసి పోవాల, పెనుకొండకు పోతాండా, మాయమ్మకు కంట్లో పొర తీపిస్తాండారు ఈపొద్దు, బస్సుకు టైమైపోతాండాది, అని ఒకే ఊపిరిలో అంది, నేను లేవలేదు, నా ఐసీల్లో నీ అంకె ఎట్లొచ్చింది హేమా, అన్నాను, యా అంకె, అని బల్ల వైపు వంగి చూసి, ఓ అదా, అంది, తప్పు పడినవి కనిపిస్తే ఆడికాడే ఎక్కించేస్తాండా అక్కా, నా దాంట్లో నా ఫైలే కదా ఉండేది, నీ ఫైలు మార్చి పెట్టాలని గుర్తే ఉండదు, ఏమన్నా అవుతాదా దాంతో, అని అడిగింది, అడిగింది నన్నే, మరి ముందంతా తెచ్చిస్తాంటివి కదా, అన్నాను, ముందు కొత్త కదక్కా, ఏం జేయాల్నో తెలీదు, ఇప్పుడు కాగితంలో చుట్టి, లేచొచ్చి, నీ తలుపు తట్టి, నువ్వు ఎక్కించేదాకా కాసుకుని, మళ్లా నేను చూసి, యాడ ఓపికుండాది, ఎనిమిది సెకన్లే కదా, పెడితే కూసేస్తాది, అంది.

ఆయమ్మకు రెక్కలు ముక్కలైపోయేంత పనేమో పాపం, అని అత్త లోపలి నుంచి అంది, ఎగతాళిగా, హేమావతి నవ్వేసింది, నీ కోడలి మాదిరి నాకు నిదానం లేదులే పెద్దమ్మా, పొద్దుగూకులూ ఒకే తావున ఎట్ల కూర్చుంటాదో, నాకైతే తొడలు నొప్పి పుడతాయి, అంది, ఈపొద్దు స్వామన్న రెండు డబ్బాలూ చూస్తాడంట కదా, అన్నాను, ఇంకా ఆశ చావక, ఆమె మొహంలో ఏదైనా, భయమో, గర్వమో, పోటీ తాలూకు చిన్న నీడ అయినా కదులుతుందని, ఈపొద్దేనా, అంది హేమావతి, చూడూ, నేను మర్చేపోయినా, మాయమ్మ కంటి గొడవలో, చూసుకోనీలేక్కా, అంది, నేను లేచి పెరుగు తెచ్చి గిన్నెలో వేశాను, ఇంకొంచెం ఎయ్యక్కా, నీ పెరుగైతే గట్టిగా తోడుకుంటాది, అంది, వేశాను, వస్తానక్కా, వస్తా పెద్దమ్మా, అంటూ తడి జుట్టును వీపు మీదికి వేసుకుని వెళ్లిపోయింది, జాలి లేదు, ఎగతాళి లేదు, ఎత్తుకు పైఎత్తు లేదు, నేను ఆమె కడుపులో ఏముందో అని ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, ఏ గడిలోనూ నా పేరు లేదు.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వస్తున్నాడు, వీలుంటే ఆ ఏడింటినీ నా మిషన్‌లోనే మళ్లీ ఎక్కించేదాన్ని, రైలు ఆగదు, ఈ వేళప్పుడు వీధిలో మోటార్లూ ఆగవు, అలాగే వదిలేసి మూతపెట్టినా ఎవరికీ తెలియదు, నా డబ్బాలో తప్పు ఉండదు, ఆమె డబ్బాలో ఖాళీది ఉంది, పని నాకే వస్తుంది, కుర్చీ నాదే, ఎర్రదీపం నాదే, కానీ ఆ కుర్చీలో కూర్చుని రోజూ ఆమె ఎనిమిది సెకన్ల మీద బతకాలి, అది నా వల్ల కాదు, మంచితనం కాదు ఇది, ఎవరైనా అలా అనుకుంటే తప్పు, ఆమెది ఏదీ నా డబ్బాలో ఉండకూడదు, అంతే, లోపలికి పోయి ఆవాల కిందినుంచి ఆమె ఐసీని తీసి, కాళ్ల మధ్య ఇరుక్కున్న ఆవగింజను ఊది, ఆమె డబ్బాలో మూడో వరసలోంచి ఖాళీదాన్ని పెరికి దాని చోట దీన్ని గుచ్చాను, ఎవురిదది, అన్నాడు ఆయన వెనకనుంచి, బల్ల మీది ఏడింటినీ ఒక్కొక్కటిగా తీసి ఆమె డబ్బాలోనే ఖాళీగా ఉన్న చివరి వరసలో గుచ్చాను, నా డబ్బాలో ఏడు చోట్ల నల్ల స్పాంజి మీద రెండేసి వరసల సన్నటి బెజ్జాలు మిగిలాయి.

ఆయన వంగి తెర చూశాడు, ఆఖరిది ఇంకా అక్కడే ఉంది, ఆకుపచ్చగా, ఒకటి ఉండాల్సిన చోట రెండు, తర్వాత నా డబ్బాలో బెజ్జాలు చూశాడు, తర్వాత నా అరచేతిలోని ఖాళీ ఐసీని చూశాడు, గుప్పిట మూసుకోవడం నేను మర్చిపోయాను, ఆయన ఈ పనిలోని మనిషి, చెప్పక్కరలేదు, ఏది ఎందుకు ఎక్కడ ఉందో ఆ మూడింటినీ చూస్తే తెలిసిపోతుంది, తిడతాడనుకున్నాను, తిట్టలేదు, నవ్వుతాడేమో అని అంతకంటే భయపడ్డాను, నవ్వలేదు, నా డబ్బాకు మూతపెట్టి రబ్బరు వేశాడు, హేమావతి డబ్బాకు మూతపెట్టి రబ్బరు వేశాడు, రెండింటినీ ఒకే సంచిలో పెట్టాడు, నా కాళ్ల దగ్గర చెదిరిన బియ్యాన్ని తొక్కకుండా పక్కనుంచి దాటాడు, అప్పుడు నాకు ఒక్కటే తెలిసింది, మంట చల్లారలేదు గానీ దాని పక్కనే కూర్చున్నట్టు, నిదానంగా తెలిసింది, రెండు మిషన్లను పక్కపక్కన పెట్టి ఎవరిది ముందు, ఎవరిది సరి అని ఇన్ని నెలలు చూసింది నేనొక్కదాన్నే, ఆ పందెంలో రెండో మనిషి ఎప్పుడూ లేదు, రోజూ గడప దాటేటప్పుడు పోయొస్తానే అనే మనిషి ఈరోజు ఏమీ అనకుండా, సంచిని చంకకు వేసుకుని, స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.